మధ్యగతాన్ని నిజమైన లెక్కలతో చెప్పడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఏడో తరగతి నుంచి పదో తరగతి దాకా లెక్కలు చెప్పే టీచర్లు, ఇంట్లో పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చదివించే తల్లిదండ్రులు మధ్యగతం (మీడియన్, అంటే రాశుల్ని వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చేది) గురించి తరచుగా అడిగే ప్రశ్నలివి. బోర్డు మీద 3, 7, 9, 12, 15 అని రాసి మధ్యది ఏదని అడిగితే పిల్లలు ఠక్కున 9 అంటారు. జవాబు వచ్చింది గానీ మధ్యగతం అర్థమైందని చెప్పలేం. ఆ అంకెలు దేనివో, వాటితో ఏం తేల్చుకోవాలో తెలిసినప్పుడే అది బుర్రకెక్కుతుందని నా గట్టి నమ్మకం. అందుకే ఇక్కడి ఉదాహరణల్లో ఎక్కువ భాగం నిజమైన లెక్కలే.

సగటు ఉండగా మళ్లీ మధ్యగతం ఎందుకు?

ఈ ప్రశ్న పిల్లలే అడగాలి. అడిగేలా చేయడానికి నేను క్రికెట్‌తో మొదలుపెడతాను.

2001లో ఆస్ట్రేలియా జట్టు మన దేశానికి వచ్చినప్పుడు మూడు టెస్టుల్లో వి.వి.ఎస్. లక్ష్మణ్ చేసిన పరుగులు ఇవి: ముంబైలో 20, 12, కోల్‌కతాలో 59, 281, చెన్నైలో 65, 66. మొత్తం 503 పరుగులు, ఆరు ఇన్నింగ్స్, సగటు 83.83. ఇప్పుడు పిల్లల్ని అడగండి: ఆరింటిలో ఎన్ని ఇన్నింగ్స్‌లో 83 దాటాడు? ఒక్కదాంట్లోనే. మిగతా ఐదూ సగటు కంటే తక్కువే. చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగా రాస్తే 12, 20, 59, 65, 66, 281. మధ్యలో 59, 65 రెండు ఉన్నాయి కాబట్టి వాటిని కలిపి సగం చేస్తే మధ్యగతం 62. ఆ సిరీస్‌లో లక్ష్మణ్ మామూలుగా ఎలా ఆడాడో 62 చెప్పినంత బాగా 83.83 చెప్పదు.

తర్వాత 281 చెరిపేసి 81 రాయండి. సగటు 50.5కి పడిపోతుంది. మధ్యగతం మాత్రం 62 దగ్గరే ఉంటుంది.

ఇక్కడ ఎవరో ఒకరు లేచి, "సార్, 281 వల్లే కదా ఫాలోఆన్ ఆడి కూడా మ్యాచ్ గెలిచాం, దాన్ని పక్కన పెట్టేస్తే ఎలా?" అంటారు. ఆ మాటను తోసిపుచ్చకండి, అది న్యాయమైన ప్రశ్న. సిరీస్‌లో జట్టుకు ఎంత మేలు జరిగిందో తెలియాలంటే మొత్తం పరుగులు, సగటు చూడాలి. ఒక మామూలు ఇన్నింగ్స్ ఎలా ఉంటుందో తెలియాలంటే మధ్యగతం చూడాలి. ఏ కొలత వాడాలో మనం అడిగే ప్రశ్నే తేలుస్తుంది. పాఠం మొత్తంలో పిల్లలకు ఇది ఒక్కటి దక్కినా చాలు.

(నాటౌట్లు ఉన్న బ్యాట్స్‌మన్‌ను తీసుకోవద్దు. క్రికెట్ సగటును ఇన్నింగ్స్‌తో కాకుండా ఔట్ అయిన సార్లతో భాగిస్తారు, అక్కడ చిక్కు వస్తుంది. లక్ష్మణ్ ఆ ఆరుసార్లూ ఔటయ్యాడు కాబట్టి ఇబ్బంది లేదు.)

మొదటి రోజు పుస్తకం తెరవకుండా ఏదైనా చేయించవచ్చా?

తప్పకుండా. చాలామంది పిల్లల్ని ఎత్తు వరుసలో నిలబెడతారు. నేను అది చేయించను. చివర నిలబడ్డ పొట్టి పిల్లవాణ్ణి ఆ తర్వాత వారం రోజులు ఏడిపిస్తారు. దాని బదులు జాన కొలిపించండి. బొటనవేలి కొస నుంచి చిటికెన వేలి కొస దాకా స్కేలు మీద ఎన్ని సెంటీమీటర్లో ఎవరిది వాళ్లు చీటీ మీద రాసుకుంటారు. చీటీ ఎదురుగా పట్టుకుని, చిన్న కొలత నుంచి పెద్ద కొలతకు వరుసలో నిలబడతారు.

వరుస కుదరడానికే పది నిమిషాలు పడుతుంది, పట్టనివ్వండి. "నాది 17, నీదీ 17, నేను ముందా నువ్వు ముందా?" అని వాదించుకుంటారు. ఎవరు ముందు నిలబడ్డా ఫర్వాలేదు గానీ ఇద్దరూ నిలబడాలి, ఇద్దరికీ కలిపి ఒకటే చోటు కాదు. ఇప్పుడు రెండు చివర్ల నుంచి ఒక్కొక్కరిని ఒకేసారి కూర్చోమనండి. మళ్లీ ఇంకో ఇద్దరు. చివరికి నిలబడి మిగిలిన అమ్మాయి చీటీలో ఉన్నదే తరగతి మధ్యగతం. బేసి సంఖ్యలో ఉంటే ఒకరు మిగులుతారు, సరి సంఖ్యలో ఉంటే ఇద్దరు. ఇద్దరు మిగిలితే ఏం చేయాలో మీరు చెప్పకండి. వాళ్లిద్దరి కొలతలూ కలిపి సగం చేద్దామని తరగతిలోంచే వస్తుంది.

ఆఖరున అందరికంటే పెద్ద జాన ఉన్న పిల్లవాణ్ణి తప్పించి ఆ చోట పీఈటీ మాస్టారిని నిలబెట్టి మళ్లీ లెక్కించమనండి. మధ్యలో ఎవరూ మారరు. అదెందుకో పిల్లలకు కళ్లముందే తెలిసిపోతుంది.

మన జిల్లాలకు సంబంధించిన డేటా ఏదైనా ఉందా?

2011 జనాభా లెక్కలు ఉన్నాయి. ఇంతకంటే మంచి సామగ్రి నాకు కనిపించలేదు. ప్రతి పిల్లవాడికీ అందులో తన జిల్లా గానీ, అది ఏ పాత జిల్లాలోంచి వచ్చిందో ఆ జిల్లా గానీ ఉంటుంది. అప్పటి హద్దుల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడున్న ప్రాంతంలో 13 జిల్లాలు, తెలంగాణలో 10 జిల్లాలు. అంటే బేసికి ఒక ఉదాహరణ, సరికి ఒక ఉదాహరణ చేతిలో ఉన్నట్టే.

ఆంధ్రప్రదేశ్ (లక్షల్లో): శ్రీకాకుళం 27.03, విజయనగరం 23.44, విశాఖపట్నం 42.91, తూర్పు గోదావరి 51.54, పశ్చిమ గోదావరి 39.37, కృష్ణా 45.17, గుంటూరు 48.88, ప్రకాశం 33.97, నెల్లూరు 29.64, కడప 28.82, కర్నూలు 40.53, అనంతపురం 40.81, చిత్తూరు 41.74.

తెలంగాణ (లక్షల్లో): ఆదిలాబాద్ 27.41, నిజామాబాద్ 25.51, కరీంనగర్ 37.76, మెదక్ 30.33, హైదరాబాద్ 39.43, రంగారెడ్డి 52.97, మహబూబ్‌నగర్ 40.53, నల్గొండ 34.89, వరంగల్ 35.13, ఖమ్మం 27.97.

ముందు ఆంధ్రప్రదేశ్ జిల్లాలు. 13 రాశులు కాబట్టి ఏడోది కావాలి. వరుసలో పెడితే విజయనగరం, శ్రీకాకుళం, కడప, నెల్లూరు, ప్రకాశం, పశ్చిమ గోదావరి, ఆ తర్వాత ఏడోది కర్నూలు. మధ్యగతం 40.53 లక్షలు. సగటు 37.99 లక్షలు. మధ్యగతం కంటే సగటు తక్కువగా రావడం చూశారా? మన ఉదాహరణల్లో ఎప్పుడూ ఒక పెద్ద రాశి ఉండి సగటును పైకి లాగుతుంది. దాంతో సగటే ఎప్పుడూ ఎక్కువని పిల్లలు ఖాయం చేసుకుంటారు. ఇక్కడ విజయనగరం, శ్రీకాకుళం, కడప, నెల్లూరు నాలుగూ 30 లక్షల లోపే ఉండి సగటును కిందికి లాగాయి. 13 జిల్లాల్లో 8 సగటుకు పైనే ఉన్నాయి.

తెలంగాణలో 10 రాశులు. ఐదోది నల్గొండ, ఆరోది వరంగల్. 34.89, 35.13 కలిపి సగం చేస్తే 35.01 లక్షలు. ఏ జిల్లా జనాభా కూడా 35.01 కాదు, అయినా మధ్యగతం అదే. సగటు 35.19. రెండూ దాదాపు ఒకటే అయ్యాయి, ఇలా కూడా జరుగుతుందని చూపించండి.

సగటు ఎంత దారి తప్పించగలదో చూపించే ఉదాహరణ కావాలి.

అవే పది తెలంగాణ జిల్లాల జనసాంద్రత తీసుకోండి. చదరపు కిలోమీటరుకు ఎంతమంది అంటే: ఆదిలాబాద్ 170, ఖమ్మం 175, మహబూబ్‌నగర్ 220, నల్గొండ 245, వరంగల్ 273, మెదక్ 313, కరీంనగర్ 319, నిజామాబాద్ 321, రంగారెడ్డి 707, హైదరాబాద్ 18,172.

మధ్యగతం 273, 313ల మధ్య, అంటే 293. పదింటినీ కూడి పదితో భాగిస్తే దాదాపు 2,091. ఈ 2,091 ఏ జిల్లాకు దగ్గరగా ఉంది? దేనికీ లేదు. తొమ్మిది జిల్లాలు దాని కింద ఎక్కడో ఉన్నాయి, ఒకటి దానికి అందనంత పైన ఉంది.

పెద్ద తరగతుల పిల్లలైతే ఇంకో మెట్టు ఎక్కించండి. మొత్తం జనాభాను మొత్తం విస్తీర్ణంతో భాగిస్తే రాష్ట్ర జనసాంద్రత 307 వస్తుంది. మరి 2,091 ఎక్కడి నుంచి వచ్చింది? 217 చదరపు కిలోమీటర్ల హైదరాబాద్‌కూ, 18,432 చదరపు కిలోమీటర్ల మహబూబ్‌నగర్‌కూ మనం ఒకే విలువ ఇచ్చాం. సాంద్రతల్ని నేరుగా కూడి భాగించకూడదు. సగటులకు సగటు కట్టే ఈ పొరపాటు పెద్దవాళ్ల రిపోర్టుల్లో కూడా కనిపిస్తుంది. ఈ పట్టిక మీద రెండు పీరియడ్లు గడిచిపోయినా నష్టమేమీ లేదు.

పిల్లలు మధ్యగతంలో ఎక్కువగా ఎక్కడ తప్పుతారు?

వరుసలో పెట్టడం మర్చిపోతారు. పైన ఇచ్చిన ఆంధ్రప్రదేశ్ జాబితాలో ఉన్నదున్నట్టుగా ఏడోది లెక్కపెడితే గుంటూరు, 48.88 లక్షలు వస్తుంది. అది 13 జిల్లాల్లో రెండో పెద్ద జిల్లా! "మధ్యలో ఉండాల్సింది పైనుంచి రెండోది ఎలా అయింది?" అని ఒక్క ప్రశ్న వేస్తే తప్పు వాళ్లే పట్టుకుంటారు. నేను జాబితాను కావాలనే అలా ఇస్తాను.

రెండోది, స్థానాన్నే జవాబుగా రాసేయడం. 13కి ఒకటి కలిపి సగం చేసి "మధ్యగతం 7" అంటారు. ఏడు లక్షల జనాభానా అని అడగండి. అంకెల వెనక జిల్లా ఉన్నప్పుడు ఈ తప్పు తొందరగా బయటపడుతుంది, ఉత్త అంకెలైతే పడదు.

అతి చిన్నదీ అతి పెద్దదీ కలిపి సగం చేసేవాళ్లూ ఉంటారు. విజయనగరం 23.44, తూర్పు గోదావరి 51.54, వాటి సగం 37.49. మధ్యలో ఉన్న పదకొండు జిల్లాలనూ అసలు చూడనే లేదన్నమాట.

ఇక ఒకేలా ఉన్న రాశుల్లో ఒకదాన్ని కొట్టేయడం. రెండు రాష్ట్రాల 23 జిల్లాలనూ కలిపి వరుసలో పెట్టమంటే కర్నూలు 40.53, మహబూబ్‌నగర్ 40.53 రెండూ పక్కపక్కన వస్తాయి. ఒకటి చాలు కదా అని చెరిపేస్తారు. అసలు లెక్కలు చూపించండి: కర్నూలు 40,53,463, మహబూబ్‌నగర్ 40,53,028. తేడా 435 మంది. రెండు వేర్వేరు జిల్లాలు, రెండూ వరుసలో ఉండాల్సిందే.

రెండు గుంపుల మధ్యగతాలు తెలిస్తే, మొత్తం మధ్యగతం తెలిసినట్టేనా?

కాదు. అయితే మన జిల్లాల లెక్కే ఇక్కడ పిల్లల్ని తప్పుదారి పట్టిస్తుంది, జాగ్రత్తగా ఉండండి. 23 జిల్లాల్లో పన్నెండోది కరీంనగర్, 37.76 లక్షలు. రెండు రాష్ట్రాల మధ్యగతాలు 40.53, 35.01 కలిపి సగం చేస్తే 37.77. అచ్చంగా అతికినట్టు వచ్చింది! ఇది కాకతాళీయం తప్ప సూత్రం కాదు. వెంటనే దీన్ని పక్కన పెట్టి చూపించండి: 1, 2, 3 ఒక గుంపు, 50, 60, 70, 80, 90 ఇంకో గుంపు. మధ్యగతాలు 2, 70. వాటి సగం 36. ఎనిమిదింటినీ కలిపి వరుసలో పెడితే మధ్యగతం 55.

పదో తరగతి వర్గీకృత దత్తాంశం సూత్రం పిల్లలకు బట్టీ తప్ప ఇంకో దారి లేదా?

ఉంది. తెలిసిన డేటానే తరగతులుగా, అంటే 20–30, 30–40 లాంటి అంతరాలుగా చేసి, అసలు జవాబుతో పోల్చి చూడటం.

అవే 23 జిల్లాలు. 20–30 లక్షల్లో 7, 30–40లో 7, 40–50లో 7, 50–60లో 2. ఇప్పుడు పేర్లూ అసలు జనాభాలూ చెరిపేసి ఈ నాలుగు అంకెలే ఉంచండి. 23లో సగం 11.5. మొదటి తరగతిలో 7 అయిపోయాయి, ఇంకా 4.5 కావాలి. తర్వాతి తరగతిలో 7 ఉన్నాయి, వాటిలో 4.5 దాకా వెళ్లాలి. ఆ తరగతి పొడవు 10 కాబట్టి, 4.5ను 7తో భాగించి పదితో గుణిస్తే 6.43. దిగువ హద్దు 30కి అది కలిపితే 36.43 లక్షలు.

ఇంతవరకూ చేసినదే పుస్తకంలోని సూత్రం. అక్షరాలు తర్వాత రాసుకోవచ్చు.

అసలు మధ్యగతం 37.76 అని మనకు ముందే తెలుసు. 1.33 లక్షల తేడా ఎందుకొచ్చింది? 30 నుంచి 40 దాకా ఉన్న ఏడు జిల్లాలూ సమానమైన ఎడంలో సర్దుకుని ఉన్నాయని సూత్రం అనుకుంటుంది. నిజానికి అవి 30.33, 33.97, 34.89, 35.13, 37.76, 39.37, 39.43. పై కొసకు జరిగి ఉన్నాయి. సూత్రం ఇచ్చేది అంచనా అని ఇలా తెలిశాక, పిల్లలకు అదంటే టెన్షన్ చాలావరకు తగ్గుతుంది.

మధ్యగతం అసలు పనికిరాని చోటు ఉందా?

వాన లెక్క. జూన్‌లో 30 రోజుల్లో 11 రోజులు వాన పడిందనుకోండి. మిగతా 19 రోజులూ సున్నా. వరుసలో పెడితే 15, 16 స్థానాల్లో సున్నాలే ఉంటాయి. మధ్యగతం సున్నా మిల్లీమీటర్లు! చెరువు నిండిందా, విత్తనం వేయొచ్చా అని చూసే రైతుకు ఆ సున్నాతో పని లేదు, అతనికి మొత్తం వాన కావాలి. మధ్యగతం గొప్పదని చెప్పిన మర్నాడే ఈ లెక్క ఇవ్వండి.

మార్కెట్ యార్డు ధరల్లో కనిపించే మోడల్ ధర, మధ్యగతం ఒకటేనా?

కాదు. యార్డుల్లో రోజువారీ క్వింటాలు ధరలు కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ అని మూడుగా ఇస్తారు. మోడల్ అంటే ఎక్కువ సరుకు అమ్ముడైన ధర, మన పుస్తకంలోని బాహుళకానికి (ఎక్కువసార్లు వచ్చే రాశికి) దగ్గర. మిర్చి, పత్తి పండించే ఇళ్ల పిల్లలకు ఈ మాట ముందే తెలుసు, వాళ్లతోనే చెప్పించండి. నెల రోజుల మోడల్ ధరలు రాసుకుని వాటికి మధ్యగతం కట్టడం మంచి ఇంటిపని.

అంచనాల ఆట గురించి విన్నాం, అదేమిటి?

1906లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్ పశువుల సంతలో ఒక ఎద్దును కోస్తే మాంసం ఎంత బరువు తూగుతుందో చెప్పమని పోటీ పెట్టారు. ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త ఆ చీటీలు తెప్పించుకుని, చదవగలిగిన 787 అంచనాలకు మధ్యగతం కట్టాడు. 1,207 పౌండ్లు వచ్చింది. అసలు బరువు 1,198 పౌండ్లు. తేడా తొమ్మిదే.

క్లాసులో దీనికి ఒక గాజు సీసా, చింతపిక్కలు చాలు. ముందే లెక్కపెట్టి సీసాలో పోయండి. ఎన్ని ఉన్నాయో ప్రతి ఒక్కరూ చీటీ మీద రాయాలి, పైకి చెప్పకూడదు. ఒకరు చెబితే మిగతావాళ్లు ఆ అంకె చుట్టూనే తిరుగుతారు. ఎవరో ఒకరు కావాలని కోటి అని రాస్తారు, రాయనివ్వండి. ఆ ఒక్క చీటీతో సగటు ఎటో కొట్టుకుపోతుంది, మధ్యగతం కదలదు.

మా బిడ్డ బరువు అంగన్‌వాడీ చార్టులో మధ్య గీత కంటే కింద ఉంది. లోపం ఉన్నట్టా?

తల్లిదండ్రుల సమావేశాల్లో ఇది వస్తూనే ఉంటుంది. ఆ చార్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల మీద తయారైంది. ఏడాది నిండిన మగపిల్లవాడికి మధ్యగతం 9.6 కిలోలు, ఆడపిల్లకు 8.9 కిలోలు. మధ్యగతం అన్నాక ఆరోగ్యంగా పెరిగే పిల్లల్లోనే సగం మంది దాని కింద ఉంటారు. తక్కువ బరువు అని లెక్కించేది మధ్య గీత నుంచి రెండు ప్రామాణిక విచలనాల (రాశులు మధ్య నుంచి ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) కిందికి వెళ్లినప్పుడు. ఒక్క నెల బరువు కంటే, నెలనెలా గీత పైకి వెళ్తోందా లేదా అన్నది ముఖ్యం. అనుమానం ఉంటే డాక్టరుకు చూపించండి.

పెద్ద పిల్లలకు ఇంకో నిజమైన సంగతి చెప్పొచ్చు. అమెరికన్ శాస్త్రవేత్త స్టీఫెన్ జే గూల్డ్‌కు 1982లో అరుదైన క్యాన్సర్ బయటపడింది. ఆ జబ్బు వచ్చినవాళ్లు బతికే కాలానికి మధ్యగతం 8 నెలలని వైద్య గ్రంథాల్లో ఉంది. 8 నెలల్లో పోతాననుకోకుండా, సగం మంది అంతకు మించి బతికారని, ఆ సగంలో కొందరు చాలా ఏళ్లు బతికారని ఆయన లెక్క చదువుకున్నాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు బతికి 2002లో వేరే క్యాన్సర్‌తో కన్నుమూశాడు.

క్లాసులో ఏ డేటా అడగకూడదు?

ఇంటి ఆదాయం, నాన్న పని, పిల్లల ఒంటి బరువు, పరీక్ష మార్కులు. పేరు రాయకపోయినా చేతిరాత పట్టేస్తారు. ఆదాయాల మీద ఉదాహరణ కావాలంటే ఊహించిన ఆఫీసు జీతాలు వాడండి. నిజమైన డేటా కోసం ఏ పిల్లవాడూ తలదించుకోకూడదు.

కంప్యూటర్ ఉంటే ఎక్సెల్‌లో చేయించవచ్చా?

చేతితో వచ్చాక చేయించండి. మీడియన్ అనే ఫంక్షన్ ఒక్క క్షణంలో జవాబిస్తుంది. అది ఖాళీ గడిని వదిలేస్తుంది, సున్నా ఉన్న గడిని లెక్కలోకి తీసుకుంటుంది. వాన పడని రోజును ఖాళీగా వదిలేస్తే జవాబు మారిపోతుందని పిల్లలతోనే చేయించి చూపించండి.

పరీక్షలో ఎలాంటి ప్రశ్న ఇస్తే నిజంగా అర్థమైందో లేదో తెలుస్తుంది?

వెనక నుంచి అడగండి. "ఐదు రాశుల మధ్యగతం 10, సగటు 20. ఆ ఐదు రాశులు ఏవై ఉండొచ్చు?" ఒకరు 6, 8, 10, 12, 64 అని రాస్తారు, ఇంకొకరు 1, 2, 10, 40, 47 అంటారు. రెండూ సరైనవే. సూత్రం మాత్రమే బట్టీ పట్టినవాళ్లు ఇక్కడ ఆగిపోతారు, వాళ్లకు మళ్లీ చెప్పాలని మీకు తెలుస్తుంది. ఒక్కో పేపరులో ఒక్కో జవాబు ఉంటుంది కాబట్టి దిద్దడం కష్టమేమోనని భయపడక్కర్లేదు. వరుసలో పెడితే మూడోది 10 ఉందా, ఐదూ కలిపితే 100 అయిందా అని చూస్తే చాలు.